ఫోర్ట్ కొచ్చి హోమ్‌స్టేలు: గదికన్నా ఇంటివాళ్ళు ముఖ్యం

ఫోర్ట్ కొచ్చిలో దిగేవారికి హోటళ్ళకన్నా కుటుంబాలు తమ సొంత ఇళ్ళలో నడిపే హోమ్‌స్టేలే మేలని, అయితే ఆ కుటుంబం నిజంగా అదే ఇంట్లో కాపురం ఉంటేనే ఆ మేలు దక్కుతుందని నా అభిప్రాయం. కేంద్ర పర్యాటక శాఖ పథకం కింద నమోదయ్యే ఇళ్ళలో అద్దెకిచ్చే గదులు ఆరుకు మించకూడదు, యజమాని కుటుంబం అక్కడే నివసించాలి. కేరళ పర్యాటక శాఖ కూడా ఇటువంటి ఇళ్ళను డైమండ్, గోల్డ్, సిల్వర్ తరగతులుగా విభజిస్తుంది గాని, తరగతిని చూసి ఇంటివాళ్ళ ధోరణిని పోల్చుకోలేము.

మేము దిగిన ఇల్లు సెయింట్ ఫ్రాన్సిస్ చర్చికి నడకదూరంలో ఉంది. కింద దంపతులు, వారి తల్లిగారు ఉంటారు. అద్దె గదులు మేడమీద. గది శుభ్రంగానే ఉంది గాని విశాలమేమీ కాదు, సముద్రపు గాలి తేమకు ఆరవేసిన బట్టలు మర్నాటికి కూడా పూర్తిగా ఆరలేదు. కిటికీలకు దోమల జాలీ బిగించి ఉండడం మాత్రం ఆ ఊళ్ళో చిన్న విషయం కాదు.

ఆ ఇంటి విలువ పలహారం దగ్గర తెలిసింది. మర్నాటికి ఏమి కావాలో ముందు రాత్రే అడిగి, ఒకరోజు పుట్టు, నల్లసెనగల కూర, మరొకరోజు అప్పం, కూరగాయల స్టూ చేసిపెట్టారు. వరిపిండి, కొబ్బరికోరు పొరలుగా గొట్టంలో నింపి ఆవిరిమీద ఉడికించే పుట్టు వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే గొంతు దిగదు. హోటల్ బఫేలో అది చాలాసార్లు చల్లారిన తరువాతే పళ్ళెంలోకి వస్తుంది. తాగడానికి పతిముఖం చెక్క వేసి కాచిన గులాబిరంగు నీళ్ళు ఇచ్చారు, శబరిమల వెళ్ళివచ్చిన మనవాళ్ళలో చాలామందికి అవి కొత్త కావు. మన కారానికి అలవాటుపడిన నాలుకకు కూరలు చప్పగా తోస్తాయి, కొబ్బరినూనె వాసన అందరికీ పడదు. మేము వెంట తెచ్చుకున్న ఆవకాయ సీసా తీస్తే ఇంటావిడ నొచ్చుకోలేదు సరికదా, కాస్త రుచి చూస్తానని తామే అడిగారు.

మట్టాంచేరి డచ్ ప్యాలెస్‌కు శుక్రవారం సెలవని, యూదుల ప్రార్థనా మందిరం శనివారం తెరవరని, ఎర్నాకుళం వెళ్ళడానికి టాక్సీకన్నా పడవ చౌక అని ఆ ఇంటాయన ముందే చెప్పడం వల్ల మా తిరుగుడు చాలా తగ్గింది. రాత్రి పది దాటితే గేటు వేస్తారన్న నిబంధన కుర్రకారుకు నచ్చకపోవచ్చు.

అదే ఊళ్ళో మేము మొదట దిగిన మరో ఇంటికి కూడా హోమ్‌స్టే అనే బోర్డు ఉంది, కాని యజమాని వేరే ఊళ్ళో ఉంటారు. తాళంచెవి ఇచ్చి వెళ్ళిన మనిషి వేడినీళ్ళు రాకపోతే ఫోను ఎత్తలేదు, పలహారం బయటినుంచి పొట్లాలలో వచ్చింది, అద్దె మాత్రం దాదాపు అంతే. డిసెంబరు చివర జరిగే కొచ్చిన్ కార్నివాల్ ఉత్సవానికి, 31 రాత్రి పప్పాంజి అనే ముసలివాడి దిష్టిబొమ్మ దహనం చూడడానికి జనం విరగబడే రోజుల్లో గదులు దొరకడమే కష్టం కనుక, అప్పుడు వెళ్ళదలచినవారు చాలా ముందుగా ఫోను చేసి, అద్దెతోపాటు వంట ఎవరు చేస్తారో, యజమానులు ఎక్కడ ఉంటారో కూడా అడిగి తెలుసుకోవాలి.