స్టైపెండ్ ఇస్తామంటూ ముందు డబ్బు కట్టించుకునే ‘రీసెర్చ్ ఇంటర్న్‌షిప్’: విశాఖ ఆర్కిటెక్చర్ విద్యార్థులకు హెచ్చరిక

ఎం.ఆర్క్ (ఆర్కిటెక్చర్‌లో పీజీ) చదువుతున్నవాళ్లు, ఈ ఏడాది చేరబోతున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ప్రొఫెసర్ ప్రాజెక్టులో సహాయకులుగా తీసుకుంటాం, నెలనెలా స్టైపెండ్ ఇస్తాం, ముందుగా కొంత డిపాజిట్ కట్టండి అని ఎవరైనా అంటే కట్టకండి. నేను 23,600 రూపాయలు కట్టి 11 వారాలు పని చేశాను. ఒక్క రూపాయి స్టైపెండ్ రాలేదు. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది మాత్రం ఆ డబ్బు కాదు. మా మాట నమ్మి ఇంటి తలుపు తీసిన ఒక పెద్దావిడకు మా వల్ల అన్యాయం జరిగింది. ఆ సంగతి కూడా చెబుతాను.

గత వేసవిలో మొదటి సంవత్సరం పరీక్షలు అయ్యాక వాట్సాప్‌లో ఒక పోస్టరు వచ్చింది. విశాఖ పాతనగరంలోని వారసత్వ గృహాల మీద పరిశోధన, ఆరు నెలలు, నెలకు 12,000 రూపాయల స్టైపెండ్, చివరలో జర్నల్‌లో వ్యాసం. పైన ఒక ప్రొఫెసర్ ఫోటో, పేరు, హోదా. ఆ పేరు మా అందరికీ తెలుసు. నాకు గేట్ (పీజీ ప్రవేశాలకు జరిగే జాతీయ పరీక్ష) స్కోరు లేదు. గేట్‌లో అర్హత సాధించి ఎం.ఆర్క్‌లో చేరినవాళ్లకు నెలకు 12,400 స్కాలర్‌షిప్ వస్తుంది, మిగతావాళ్లం ఇంటి మీదే ఆధారపడతాం. షీట్ల ప్రింట్లకు, మోడల్ సామానుకు ప్రతి సెమిస్టర్‌లో ఎంత అవుతుందో ఈ చదువు చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. మా నాన్నగారు రిటైరై రెండేళ్లయింది. 12,000 అన్న అంకె చూడగానే ఆయనను ఇక డబ్బు అడగనక్కర్లేదు అనుకున్నాను.

ద్వారకానగర్‌లో ఒక భవనం రెండో అంతస్తులో ఆఫీసు. గోడల నిండా విశాఖ పాత ఛాయాచిత్రాలు. మాట్లాడినాయన ఎంతో మర్యాదస్థుడు. మధ్యలో మానేసి వెళ్లిపోయేవాళ్ల వల్ల ప్రాజెక్టు దెబ్బతింటోందని, అందుకే 20,000 రూపాయల డిపాజిట్ తీసుకుంటున్నామని, ఆరో నెల చివర తిరిగి ఇచ్చేస్తామని చెప్పారు. దాని మీద 18 శాతం జీఎస్టీ 3,600. యూపీఐలో పంపమన్నారు. ఖాతా సంస్థ పేరున లేదు, ఒక వ్యక్తి పేరున ఉంది. అడిగితే సంస్థ ఖాతా మారుస్తున్నాం అన్నారు. సరే అనుకున్నాను. సీఏ చదువుతున్న మా పిన్ని కూతురు తర్వాత రసీదు చూసి రెండే ప్రశ్నలు వేసింది. తిరిగి ఇచ్చే డిపాజిట్ అయితే దాని మీద జీఎస్టీ ఎందుకు? జీఎస్టీ వసూలు చేస్తే రసీదు మీద అంకెలు, అక్షరాలు కలిపి 15 ఉండే జీఎస్టీ నంబరు ఏది? ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన నంబరు అయితే 37తో మొదలవుతుంది, ఆ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా సరిచూసుకోవచ్చు. మా రసీదు మీద అసలు నంబరే లేదు. ఈ రెండు ప్రశ్నలు డబ్బు పంపే ముందు అడిగి ఉంటే అక్కడితో ఆగిపోయేది.

మాతో చేరిన ఇద్దరికి గేట్ స్కాలర్‌షిప్ వస్తోంది. అది తీసుకునేవాళ్లు ఇంకొక చోట నుంచి స్టైపెండ్ గానీ జీతం గానీ తీసుకోకూడదన్న నిబంధన ఉంది. ఆ మాట ఎత్తితే ‘మీ కాలేజీకి తెలియదులే’ అన్నారు. పరిశోధన చేయించే మనిషి నోట రావలసిన మాట కాదది. గేట్ మిత్రులు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి, ఉన్న స్కాలర్‌షిప్ కూడా పోయే ప్రమాదం ఉంది.

పని మాత్రం నిజంగా చేశాం. వన్‌టౌన్‌లో, 1914లో కట్టిన కురుపాం మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో, పాత ఇళ్లను కొలిచి మెజర్డ్ డ్రాయింగ్స్, అంటే ఉన్న ఇంటిని ఉన్నట్టు కొలతలతో చూపే బొమ్మలు, గీయడం మా బాధ్యత. నలుగురం ఒక జట్టు. మే నెల, సముద్రం దగ్గరలోనే ఉన్నా గాలి ఆడని సందులు. ఒకరు టేపు చివర పట్టుకుంటే ఒకరు లేజర్ మీటరుతో కొలిచేవారు, మూడో మనిషి అంకెలు రాసుకునేవారు, నాలుగో మనిషి ఫోటోలు తీసేవారు. గోడ మందం, గుమ్మాల ఎత్తు, మెట్ల లెక్క, దూలానికీ దూలానికీ మధ్య దూరం. ఆ ఇళ్లలో చాలావాటికి మద్రాసు టెర్రస్ కప్పులు. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసి దిమ్మిస చేసే కప్పు అది. పుస్తకంలో బొమ్మగా చూసిన దానిని తల పైకెత్తి చూస్తూ గీయడం నాకు పండుగలా ఉండేది. ఇంటికి వచ్చి రాత్రి ఒంటిగంట దాకా కంప్యూటర్ ముందు కూర్చుని ఆ రోజు కొలతలను ఆటోక్యాడ్‌లోకి ఎక్కించేదాన్ని. ఎవరూ తొందరపెట్టకపోయినా చేశాను.

ఒక ఇంట్లో ఎనభై దాటిన మామ్మగారు ఒక్కరే ఉంటారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు వెనక వసారా మీది మంగళూరు పెంకులు లేచిపోతే అక్కడ రేకులు వేయించారట. మిగతా ఇల్లంతా ఆవిడ మామగారు కట్టించినప్పటిదే. మొదటి రోజు గుమ్మంలోనే నిలబెట్టి, ‘ఇవన్నీ ఎందుకమ్మా కొలుస్తున్నారు, ఇల్లు గానీ పడగొట్టిస్తారా?’ అని అడిగారు. ‘లేదు మామ్మగారూ, చదువు కోసం. ఇలాంటి ఇళ్లు ఎలా కట్టారో రాసి పెట్టడానికి’ అన్నాను. ఆ మాట మీదే లోపలికి రానిచ్చారు. మజ్జిగ ఇచ్చారు. మూడో రోజుకు, ఎప్పుడూ తాళం వేసి ఉంచే మేడమీది గది కూడా తెరిచారు. సాయంత్రాలు వీధి అరుగు మీద ఆవిడ కూర్చునే మడతకుర్చీని నా సెక్షన్ డ్రాయింగ్‌లో (ఇంటిని నిలువునా కోసినట్టు చూపే బొమ్మలో) అలాగే గీశాను. ఇల్లు అంటే అందులో ఉండే మనుషులు కూడా కనబడాలని మాకు బి.ఆర్క్ రెండో ఏడాదిలోనే మా మేడమ్ నేర్పారు.

స్టైపెండ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మొదటి నెల చివర, మూడు నెలలకు ఒకసారి కలిపి ఇస్తాం అన్నారు. రెండో నెల చివర, జర్నల్ ఫీజుకు మరో 9,000 కట్టమన్నారు. పరిశోధన జర్నళ్లను నమోదు చేసే స్కోపస్ అనే డేటాబేస్ సోర్సుల జాబితాలో వెతికితే ఆ జర్నల్‌ను చేర్చుకోవడం ఎప్పుడో ఆపేశారని కనబడింది. ఇది కూడా ఎవరైనా ఉచితంగా చూడగలిగిన జాబితానే, జర్నల్ పేరు పక్కన ఏ సంవత్సరం దాకా చేర్చుకున్నారో రాసి ఉంటుంది. నేను కట్టనన్నాను. పదకొండో వారంలో మా డీడబ్ల్యూజీ ఫైళ్లన్నీ (ఎవరైనా తెరిచి మార్చుకోగల ఆటోక్యాడ్ అసలు ఫైళ్లు) ఒకేచోట జమచేయమన్నారు. చేశాం. ఆ తర్వాతి సోమవారం వెళ్తే ఆఫీసుకు తాళం. ఫోను మోగుతుంది, ఎవరూ ఎత్తరు.

అప్పటికీ ఇది డబ్బు మోసమనే అనుకున్నాను. ఆగస్టులో, ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో పనిచేసే మా సీనియర్ అక్క ఫోన్ చేసి ‘ఈ సెక్షన్ నువ్వు గీసిందేనా?’ అని ఒక ఫోటో పంపింది. గీసినవాళ్ల పేర్లు ఉండే టైటిల్ బ్లాక్ కత్తిరించేశారు. మా నలుగురి పేర్లు లేవు. అరుగు మీద మడతకుర్చీ మాత్రం ఉంది. ఆ వీధిలోని ఐదారు స్థలాలను కలిపి అపార్టుమెంటు కట్టాలనుకుంటున్న ఒక బిల్డరు, ‘ఇప్పుడున్న కట్టడాల వివరాలు’ అంటూ తెచ్చిన ఫైలులో అది ఉందట. ఏ ఇంటి వెడల్పు ఎంత, ఏ గోడ ఉమ్మడి గోడ, వెనక ఎంత ఖాళీ ఉంది, అన్నీ మా కొలతలే. ఎవరు ఎవరికి ఎలా ఇచ్చారో రుజువు చేసే కాగితం నా దగ్గర లేదు. ఆ ఫైళ్లను మేము ఆ సంస్థకు తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదన్నది మాత్రం నిజం.

రెండు రోజులు ఆలోచించి మామ్మగారి దగ్గరకు వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. ఇల్లు బిల్డరుకు ఇచ్చేద్దామని కొడుకులు నాలుగేళ్లుగా అడుగుతున్నారట, తాను బతికి ఉండగా వద్దన్నారట. ‘నీ మీద కోపం లేదమ్మా. ఇక ఎవరికీ తలుపు తియ్యను’ అన్నారు. మా తర్వాత నిజంగా చదువు కోసమే టేపు పట్టుకుని ఆ వీధికి వెళ్లే పిల్లల ముఖాన ఆ తలుపు మూసుకుంటుంది. పక్క ఇళ్లవాళ్లకు కూడా విషయం తెలిసిపోయింది. ఈ నష్టాన్ని ఏ కోర్టూ లెక్కగట్టలేదు.

తర్వాత చేసిన పని, ముందే చేయవలసిన పని: పోస్టరు మీద ఉన్న ప్రొఫెసర్‌కు, ఆయన కాలేజీ వెబ్‌సైట్‌లో ఉన్న అధికారిక మెయిల్ చిరునామాకు రాశాను. మర్నాడే జవాబు వచ్చింది. ఆ సంస్థ వాళ్లు పిలిస్తే ఆన్‌లైన్‌లో ఒక గంట ఉపన్యాసం ఇచ్చారట, అంతే. అలాంటి ప్రాజెక్టు ఏదీ ఆయన పేరున లేదు. తన ఫోటో వాడుతున్నట్టు కూడా ఆయనకు తెలియదు. ఒక్క మెయిల్‌తో తేలిపోయే విషయం ఇది. పోస్టరు మీద ఇచ్చిన నంబరుకో, జీమెయిల్ చిరునామాకో రాస్తే మళ్లీ ఆ మనుషులే జవాబిస్తారు. కాలేజీ వెబ్‌సైట్‌లో మీరే వెతికి పట్టుకున్న చిరునామాకే రాయండి.

నిజమైన ఫ్యాకల్టీ ప్రాజెక్టు ఎలా నడుస్తుందో ఆయనే వివరంగా రాశారు, అది మీకూ పనికొస్తుంది. ప్రభుత్వ నిధులతో జరిగే పరిశోధనకు మంజూరు ఉత్తర్వు ఉంటుంది. అందులో ప్రాజెక్టు పేరు, ప్రధాన పరిశోధకుడి పేరు, కాలవ్యవధి, మొత్తం ఉంటాయి. డబ్బు విద్యాసంస్థ ఖాతాకు వస్తుంది, ప్రొఫెసర్ సొంత ఖాతాకు రాదు. సహాయకులు కావాలంటే సంస్థ వెబ్‌సైట్‌లో ప్రకటన వేస్తారు, ఎంపిక చేస్తారు, సంస్థ నుంచే ఉత్తర్వు ఇస్తారు, స్టైపెండ్ కూడా సంస్థ ఖాతా నుంచే వస్తుంది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) స్థాయి ఫెలోషిప్ అయితే 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000. మనలాంటి విద్యార్థి సహాయకులకు ఇచ్చేది అంతకంటే చాలా తక్కువే ఉంటుంది, ప్రాజెక్టును బట్టి మారుతుంది. ఎంత తక్కువైనా అది మనకు రావాలి, మన దగ్గర నుంచి పోకూడదు. బయటి కన్సల్టెన్సీ పని అయినా విద్యాసంస్థ లెటర్‌హెడ్ మీద కాగితం ఉంటుంది. ఆర్కిటెక్టునని చెప్పుకునేవారి రిజిస్ట్రేషన్ నంబరు CA అన్న ఇంగ్లీషు అక్షరాలతో మొదలవుతుంది, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ వెబ్‌సైట్‌లో దానిని చూసుకోవచ్చు. మాతో మాట్లాడిన పెద్దమనిషి పేరు అక్కడ లేదు.

డ్రాయింగ్స్ గురించి ఒక్క మాట. మాతో నాలుగు పేజీల ఒప్పందం మీద సంతకం పెట్టించారు. నాలుగో పేజీలో ‘తయారైన సమస్త సామగ్రి సంస్థ సొత్తు’ అని ఉంది. మేమెవరం ఆ పేజీ చదవలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా గీసిన మనిషికే హక్కు, ఉద్యోగంలో భాగంగా గీసినప్పుడో, హక్కును రాసిచ్చినప్పుడో అది మారిపోతుందని లాయరు గారు చెప్పారు. కాబట్టి సంతకానికి ముందు ఆ ఒక్క వాక్యం కోసమైనా వెతకండి. స్టైపెండ్ చేతికి వచ్చేదాకా డీడబ్ల్యూజీ ఫైలు ఇవ్వకండి, పేర్లున్న పీడీఎఫ్ చాలు. ఇంటివాళ్లు ఒప్పుకున్నట్టు, దేనికోసం ఒప్పుకున్నారో రాసి ఉన్న కాగితం మీద వాళ్ల సంతకం తీసుకుని ఒక ప్రతి వాళ్లకే ఇవ్వండి. అలాంటి కాగితం ఒకటి ఉండి ఉంటే మామ్మగారి చేతిలో ఇవాళ ఒక ఆధారం ఉండేది.

డబ్బు ఈమధ్యే పంపినవాళ్లు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఆ సైబర్ నేరాల నంబరుకు ఎంత త్వరగా చెబితే అంత మంచిది, డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే నిలిపివేసే అవకాశం ఉంటుంది. నేను మూడు నెలలకు చేశాను, అప్పటికి ఆ ఖాతాలో ఏమీ లేదు. పోలీసులకు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం గురించి ఫిర్యాదు ఇచ్చాం. వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్తున్నాం. చదువు సంబంధమైన తగాదాలను ఆ కమిషన్ తీసుకోవచ్చా లేదా అన్న విషయంలో తీర్పులు ఒకే తీరుగా లేవు. మా గొడవ కాలేజీతో కాదు, ఫీజు తీసుకుని చెప్పిన సేవ ఇవ్వని ప్రైవేటు సంస్థతో, కాబట్టి వేయవచ్చని లాయరు గారి అభిప్రాయం. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే కమిషన్‌కు రుసుము ఉండదు, గడువు రెండేళ్లు. సలహాకు 1915 నంబరు ఉంది.

మా బ్యాచ్‌లో నాకు తెలిసినవాళ్లం తొమ్మిది మందిమి. నలుగురు ఇంట్లో తెలిస్తే తిడతారని ఫిర్యాదు మీద సంతకం పెట్టడానికి వెనకాడుతున్నారు. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, మా ఇంట్లోనూ తిట్టారు, రెండు రోజులకు నాన్నగారే నాతో పోలీస్ స్టేషన్‌కు వచ్చారు. రసీదు, యూపీఐ లావాదేవీ నంబరు, పోస్టరు, ఒప్పందం నాలుగు పేజీలు, మీరు పంపిన ఫైళ్ల తేదీలు కనిపించే మెయిళ్లు జాగ్రత్తగా దాచుకోండి. వాట్సాప్ సందేశాలను చెరపకండి. వచ్చే నెల మొదటి వారంలో అందరివీ కలిపి దాఖలు చేస్తాం, అంతకుముందే నాకు సందేశం పంపండి. ఆ వీధిలో మీరు కొలిచిన ఇళ్లు ఏవో కూడా రాయండి, ఆ ఇళ్లవాళ్ల దగ్గరకు మనమే వెళ్లి చెప్పాలి.