సంఘం హాల్ లోన్ టేకోవర్: సర్వీసు బాగుంది, ఏళ్ల లెక్క మాత్రం మీరే వేసుకోండి

కర్నూలులో మా కాలనీ సంఘానికి ఒక కమ్యూనిటీ హాల్ ఉంది, పెళ్లిళ్లు, సీమంతాలు, పెద్దకర్మలు, కంటి పరీక్షల క్యాంపులు అన్నీ అందులోనే జరుగుతాయి. కట్టినప్పుడు ఒక ఫైనాన్స్ కంపెనీలో తీసుకున్న అప్పును ఈమధ్యే ఊళ్లోని ఒక ప్రభుత్వ బ్యాంకు బ్రాంచికి మార్చాం. లెక్కలు చూసేది నేనే. సంఘాలు, ట్రస్టులు, అపార్ట్‌మెంట్ కమిటీల వాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

మార్చాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) 2025 ఫిబ్రవరిలో 6.5 శాతం నుంచి దిగడం మొదలై జూన్‌కల్లా 5.5కి వచ్చింది, మా కంపెనీ మాత్రం 11.5 శాతం దగ్గరే కూర్చుంది. అడిగితే "మీ లోన్ మా కంపెనీ సొంత రేటు మీద నడుస్తుంది సార్, రెపోకి సంబంధం లేదు" అన్నారు. బ్యాంకు వాళ్లు రెపోకి ముడిపెట్టి 9.75కి ఇస్తామన్నారు. బాకీ 40 లక్షలు, ఇంకా పదేళ్లు ఉంది. ఈఎంఐ 56,200 నుంచి 52,300కి దిగుతుంది, అంటే నెలకి సుమారు 3,900 మిగులు.

ఇక్కడిదాకా అందరూ చెప్తారు, ఖర్చు సంగతి ఎవరూ చెప్పరు. సొంతింటి ఫ్లోటింగ్ లోన్ (వడ్డీ రేటు మారుతూ ఉండేది) ముందుగా తీర్చేస్తే పెనాల్టీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు రూల్ ఎప్పటినుంచో ఉంది గానీ, మాలాంటి సంఘం పేరు మీదున్న పాత లోన్‌కి అది వర్తించదు. మా అగ్రిమెంట్‌లో 2 శాతం అని ఉంది, జీఎస్టీతో కలిపి 94,400 కట్టాం. కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు అర శాతం, జీఎస్టీతో 23,600. ఆ పైన లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా పత్రం ఖర్చులు, మొత్తం లక్షా నలభై వేల దాకా అయింది. నెలకి 3,900 చొప్పున అది తిరిగి రావడానికే మూడేళ్లు పడుతుంది, కాబట్టి రెండు మూడేళ్లలో తీరిపోయే లోన్ అయితే ఈ తిరుగుడు పెట్టుకోకండి.

కొత్త బ్యాంకులో నాకు నచ్చని విషయం ఒక్కటే. బ్యాంకు ఆఫీసర్ మొదట తెచ్చిన ఆఫర్ పదేళ్లది కాదు, పదిహేనేళ్లది. ఈఎంఐ 42,400 అవుతుందని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించారు. జనరల్ బాడీలో పెద్దాయన ఒకరు "ఏమప్పా, నెలకి పద్నాలుగు వేలు మిగులుతాంటే నీకేం నొప్పి?" అని గట్టిగానే అడిగారు. ఆయన బాధ నాకు అర్థమైంది, ఎందుకంటే ఆషాఢం వస్తే, మూఢం పడితే మాకు బుకింగులు ఉండవు, ఆ నెలల్లో ఈఎంఐ కట్టడానికి మెంబర్ల దగ్గర చందాలు అడగాల్సి వస్తుంది, అదే పెద్ద టెన్షన్. కానీ పాత లోన్‌ని పదేళ్లూ 11.5కే కట్టినా వడ్డీ ఇరవై ఏడున్నర లక్షలు. 9.75కి పదిహేనేళ్లు కడితే ముప్పై ఆరు లక్షలు దాటుతుంది. రేటు తగ్గించుకుని తొమ్మిది లక్షలు ఎక్కువ కట్టడం ఏం లెక్క? రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాక ఆ పెద్దాయనే పదేళ్లకి తీర్మానం ప్రతిపాదించారు. ఆఫీసర్ ఆ మొత్తం వడ్డీ అంకె కూడా మొదటి రోజే చెప్పి ఉండాల్సింది.

మిగతా విషయాల్లో బ్రాంచిని మెచ్చుకోవాల్సిందే. చార్జీలన్నీ ఒక షీటు మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు. మధ్యలో చేతికి డబ్బు వస్తే అసలులో కట్టుకోవచ్చని, దానికి చార్జీ ఉండదని శాంక్షన్ లెటర్‌లోనే రాయించుకున్నాం. శ్రావణం, మాఘం ముహూర్తాల్లో హాల్ ఖాళీ ఉండదు కాబట్టి మాకు ఇది చాలా ముఖ్యం. రెపో పెరిగితే మా రేటూ పెరుగుతుందని మేనేజర్ తనంతట తానే చెప్పారు, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు 4 నుంచి 6.5కి ఎక్కిన సంగతి గుర్తు చేసి మరీ. అలా చెప్పేవాళ్లు తక్కువ.

పాత కంపెనీ మాత్రం ఏడిపించింది. ఫోర్‌క్లోజర్ లెటర్ (అప్పు ముందే మూసేయడానికి ఎంత కట్టాలో చెప్పే కాగితం)లో రాసిన తేదీ దాటితే రోజుకి 1,260 వడ్డీ అదనం, వాళ్లేమో లెటర్ ఇచ్చాక తమ దగ్గరున్న మా డాక్యుమెంట్ల లిస్టు ఇవ్వకుండా తిప్పారు. రెండూ ఒకేసారి ఇవ్వమని ముందే రాతపూర్వకంగా అడగండి.

తీర్మానం విషయంలో కూడా జాగ్రత్త. అప్పు మార్చుకోవాలని రాస్తే సరిపోదు, ఎంత మొత్తం, ఎన్నేళ్లు, ఎవరెవరు సంతకం పెట్టాలి అన్నీ మినిట్స్ పుస్తకంలో ఉండాలి. సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్, ప్రస్తుత కమిటీ లిస్టు కూడా అడుగుతారు.

బ్యాంకు బ్రాంచికి నా రేటింగ్ అయిదుకి నాలుగు. డబ్బు కట్టేశాం కదా అని ఊరుకోకుండా ఈసీ (ఆస్తి మీద ఏ తనఖాలు ఉన్నాయో చూపే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పత్రం) తీసి చూసుకోండి, పాత తనఖా రద్దయినట్టు అందులో ఎక్కాలి. మాది ఎక్కింది, ఆ కాపీ కూడా ఫైల్లో పెట్టాం.