పిల్లల పొడుగు: అమ్మానాన్నల పోలికా, తినే తిండా?

"మేమిద్దరం పొట్టి. మా బాబు పొడుగవుతాడా? ఏం పెట్టమంటారు?" పిల్లల తిండి గురించి రాస్తుంటే తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో కొందరు అంతా వంశమేనని, ఇంకొందరు అంతా తిండేనని ముందే తేల్చేసుకుని ఉంటారు.

వంశం మాట తీసిపారేసేది కాదు. తిండికి లోటు లేని సమాజాల్లో మనుషుల ఎత్తుల మధ్య తేడాలో దాదాపు 80 శాతం జన్యువుల వల్లే. 2022లో 54 లక్షల మంది డీఎన్ఏను పరిశీలించిన ఒక అధ్యయనం ఎత్తుతో ముడిపడిన 12 వేలకు పైగా జన్యు తేడాలను గుర్తించింది. ఒక్కోదాని ప్రభావం ఇసుమంతే. వాటిలో ఏవి ఎవరికి వస్తాయో చెప్పలేం కాబట్టి సొంత అన్నదమ్ముల్లోనే ఒకడు పొడుగు, ఒకడు పొట్టి అవుతుంటారు.

డాక్టర్లు వేసే లెక్క కూడా దీని మీదే నడుస్తుంది. అమ్మానాన్నల ఎత్తులు కలిపి, అబ్బాయైతే 13 సెంటీమీటర్లు కూడి, అమ్మాయైతే తీసేసి, సగం చేస్తారు. నాన్న 168, అమ్మ 154 అయితే కొడుకుకి 167.5 వస్తుంది. అటూ ఇటూ ఎనిమిది సెంటీమీటర్ల తేడా మామూలే. ఈ లెక్కతో నాకో పేచీ ఉంది. ఆ అమ్మానాన్నలే చిన్నప్పుడు అర్ధాకలితో పెరిగి ఉంటే? వాళ్లకు దొరకని తిండిని కూడా ఇది వంశం ఖాతాలోనే రాసేస్తుంది.

ఆ 80 శాతం ఒకేలా బతికేవాళ్ల మధ్య తేడాకే వర్తిస్తుంది. ఒక తరాన్ని ఇంకో తరంతో పోలిస్తే కథ వేరు. దక్షిణ కొరియా ఆడవాళ్ల సగటు ఎత్తు నూరేళ్లలో 20 సెంటీమీటర్లు పెరిగింది. అంత తక్కువ కాలంలో ఒక జాతి జన్యువులు అంతగా మారిపోవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో పిల్లల ఎదుగుదల ప్రమాణాలు తయారుచేసినప్పుడు ఆరు దేశాల్లో కొలతలు తీసుకుంది. దక్షిణ ఢిల్లీలో కలిగినవాళ్ల పిల్లలు మొదటి ఐదేళ్లలో నార్వే, అమెరికా పిల్లలతో దాదాపు సమానంగా పెరిగారు. కాబట్టి "మన జాతే పొట్టి" అనే మాట ఆ వయసు పిల్లల విషయంలో నిలబడదు. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. ఇంతమంది వెనకబడటానికి వంశం ఒక్కటే కారణమంటే నేను నమ్మను.

నా మటుకు నాకు, ఏం పెట్టారన్న దానికంటే ఎప్పుడు పెట్టారన్నదే అసలు సంగతి. కడుపులో పడినప్పటి నుంచి రెండో పుట్టినరోజు దాకా సుమారు వెయ్యి రోజులు. పుట్టాక మొదటి ఏడాదిలో బిడ్డ 25 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అంత వేగం మళ్లీ ఎప్పుడూ రాదు. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు తిండి అందింది, మిగతా ఊళ్లలో అందలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్లవాళ్లయ్యాక కొలిస్తే, తిండి అందిన ఊళ్లవాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. చూడ్డానికి చిన్న అంకె. కానీ పసితనంలో తిన్న తిండి గుర్తు అన్నేళ్ల తర్వాత కూడా ఎముకల్లో మిగిలింది.

మన ఇళ్లలో ఈ వయసులోనే పొరపాటు జరుగుతుంది. ఆరో నెల దాటాక కూడా పప్పు తేట, పల్చటి చారన్నం పెడతాం. పొట్ట నిండుతుంది, బలం మాత్రం ఉండదు. మెత్తగా మెదిపిన ముద్దపప్పు, నెయ్యి, గుడ్డు పెట్టాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతాన్ని చిన్నచూపు చూడొద్దు. మాటిమాటికీ విరేచనాలవుతుంటే తిన్నది ఒంటికి పట్టదు, అందుకే మంచి నీళ్లు, చేతులు కడుక్కోవడం, టీకాలు కూడా పొడుగు లెక్కలోకే వస్తాయి.

ఇక మిగతావి. డబ్బా పౌడర్లు: మామూలుగా తినే పిల్లలకు అనవసర ఖర్చు. కడ్డీకి వేలాడటం: వ్యాయామంగా మంచిదే, పొడుగు చేయదు. గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు: పరీక్షల్లో లోపమో, ప్రత్యేకమైన జబ్బో తేలితే డాక్టరే చెప్తారు.

రెండేళ్లు దాటిపోయిన పిల్లల తల్లిదండ్రులు టెన్షన్ పడక్కర్లేదు. యుక్తవయసులో ఇంకోసారి గబగబా పొడుగు సాగుతారు, దానికీ తిండి, నిద్ర కావాలి. ఆరు నెలలకోసారి గోడకు నిలబెట్టి కొలిచి, తేదీతో రాసిపెట్టుకోండి. నాలుగేళ్ల నుంచి ఈడొచ్చేదాకా ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరగాలి. నాలుగు కూడా దాటకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి, ఆ కొలతల కాగితం వెంట తీసుకెళ్లండి.