గోల ఉన్న గదిలో పాట: డైనమిక్ మైకా, కండెన్సర్ మైకా?

స్టూడియో కాని గదిలో పాట రికార్డ్ చేయాలంటే అందరూ చెప్పే సలహా ఒకటే: "డైనమిక్ తీసుకో, కండెన్సర్ అయితే పక్కింటి మాటలు కూడా పట్టేస్తుంది." (డైనమిక్ అంటే అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసే గట్టి మైక్; కండెన్సర్ అంటే కరెంటు అందిస్తే పనిచేసే సున్నితమైన మైక్.) సలహా మంచిదే గానీ కారణం సగమే నిజం. రెండూ కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్ని ఎక్కువగా, వెనకవైపుది తక్కువగా పట్టే) మైకులై, నోటికి ఒకే దూరంలో పెట్టి, గొంతు ఒకే స్థాయిలో వచ్చేలా గెయిన్ (మైక్ సిగ్నల్ని పెంచే మోతాదు) సరిచేస్తే, ఫ్యాన్ హోరు రెండింట్లోనూ దాదాపు ఒకేలా వినిపిస్తుంది. అసలు సంగతి దూరంలో ఉంది. దూరం సగమైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది గోల మాత్రం పెరగదు.

1966లో వచ్చిన షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకులు పెదవులు తగిలేంత దగ్గరగా పాడినా తట్టుకుంటాయి. చాలా కండెన్సర్లను అంత దగ్గర పెడితే 'ప', 'భ' పలికినప్పుడల్లా ధబ్‌మంటుంది. పాప్ ఫిల్టర్ (నోటి గాలిని అడ్డుకునే జాలీ తెర) పెట్టి జానెడు దూరం జరగాల్సిందే. ఆ జానెడులోనే గదంతా దూరిపోతుంది.

అలాగని డైనమిక్‌తో తలనొప్పి లేదనుకోవద్దు. మరీ దగ్గరైతే బేస్ ఉబ్బుతుంది. గెయిన్ కూడా ఎక్కువ అడుగుతుంది, ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటరుకి కలిపే పెట్టె) నాసిరకమైతే బుస్సుమనే హిస్ బోనస్. కండెన్సర్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్ కేబుల్ ద్వారానే అందే కరెంటు) ఇస్తే చాలు. ఊపిరి కలిసిన మెత్తని పాటకు నాకు అదే ఇష్టం.

గోల గదికైతే నా ఓటు డైనమిక్‌కే. ఇంట్లో కండెన్సర్ ఉంటే మాత్రం కొత్తది కొనకండి. మైక్ వెనక భాగాన్ని ఫ్యాన్ వైపు తిప్పి, మీ వీపు వెనక మందపాటి దుప్పటి వేలాడదీయండి. దుప్పటి గది ప్రతిధ్వనినే తగ్గిస్తుంది, బయటి లారీ హోరును ఆపదు. లారీ వెళ్లాక ఇంకో టేక్ తీసుకోవడమే.