చల్లటి పాస్తా సలాడ్‌కి ఏ పాకెట్ కొనాలి? షెల్ఫులో ఉన్నవాటిపై మా మాట

వేసవి కూరగాయలతో పాస్తా సలాడ్ అనగానే అందరి దృష్టీ ఆలివ్ నూనె మీదకో, ఏదో ఖరీదైన చీజ్ మీదకో పోతుంది. అసలు తేడా తెచ్చేది పాస్తా పాకెట్. వేడివేడి పాస్తాలో సాస్ కింద చాలా లోపాలు దాగిపోతాయి. చల్లార్చి నిమ్మరసం, నూనె మాత్రమే పట్టించినప్పుడు ఆ లోపాలన్నీ నాలుకకి తెలుస్తాయి. అందుకే సూపర్ మార్కెట్ షెల్ఫులో దొరికే రకాలను ఈ ఒక్క పనికి ఏది పనికొస్తుందన్న లెక్కలోనే ఇక్కడ తూచాం.

ముందుగా పాకెట్ వెనక్కి తిప్పి చూడాలి. పదార్థాల దగ్గర ‘డ్యూరం వీట్ సెమోలినా’ అని ఒక్కటే రాసి ఉంటే సగం పని అయినట్టే. డ్యూరం అంటే గట్టి జాతి గోధుమ, సెమోలినా అంటే దాని రవ్వ. మన ఉప్మాకి వాడే బన్సీ రవ్వ కూడా ఆ జాతిదే, ఆ పసుపు ఛాయ అక్కడిదే. ఇటలీలో తయారై అక్కడే అమ్ముడయ్యే ఎండు పాస్తాని డ్యూరం గోధుమతోనే చేయాలన్న నిబంధన 1967 నాటి చట్టంతో వచ్చింది. అక్కడి నిబంధనల ప్రకారం అందులో ప్రొటీన్ కనీసం 10.5 శాతం ఉండాలి, తేమ 12.5 శాతం మించకూడదు. మన దగ్గర అలాంటి కట్టుబాటు లేకుండా మామూలు సూజీతోనో, మైదా కలిపో చేసినవీ పాస్తా పేరుతోనే వస్తాయి. టమాటా గ్రేవీలో వేసి పిల్లలకి పెట్టడానికి అవి బాగానే ఉంటాయి. సలాడ్‌కి మాత్రం వద్దు. ఉడికేటప్పుడే అంచులు కరిగి, చల్లారాక ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి.

రెండో గుర్తు పోషకాల పట్టికలో ప్రొటీన్ అంకె. వంద గ్రాములకి 12 నుంచి 14 గ్రాములుంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 11కి తక్కువైతే ఆ పాకెట్ అక్కడే పెట్టేయండి. గోధుమ ప్రొటీన్, అంటే గ్లూటెన్, వలలా అల్లుకుని పిండిపదార్థాన్ని లోపల పట్టి ఉంచుతుంది. ఆ వల పలచనైతే పిండి నీళ్లలోకి జారిపోతుంది. ఈ లెక్క గోధుమ పాస్తాకి మాత్రమే. పప్పులతో చేసిన పాస్తా మీద ఇరవైకి పైగా అంకె కనిపిస్తుంది కానీ అది వేరే ప్రొటీన్, దానికి అల్లుకునే గుణం లేదు.

ఇక బ్రాంజ్ కట్ సంగతి. పిండిని కంచు అచ్చుల్లోంచి నొక్కితే పాస్తా ఉపరితలం గరుకుగా, పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుంది. టెఫ్లాన్ పూత ఉన్న అచ్చుల్లోంచి వస్తే నున్నగా, పసుపుగా మెరుస్తుంది. ఇటలీలోని అబ్రుజ్జో ప్రాంతానికి చెందిన దె చెక్కో లాంటి బ్రాండ్లూ, 2013లో యూరప్‌లో భౌగోళిక గుర్తింపు పొందిన గ్రాన్యానో ఊరి పాస్తా కూడా మొదటి రకం. ధర కూడా దానికి తగ్గట్టే. వేడి వంటలో ఆ డబ్బుకి న్యాయం జరుగుతుంది. గరుకు ఉపరితలం విడిచిన పిండి ఉడికించిన నీళ్లలో కలిసి, ఆ నీళ్లు సాస్‌ని చిక్కబరుస్తాయి. సలాడ్‌లో ఆ నీళ్లను సింకులో పారబోస్తాం. పైగా విడిచిన పిండి ముక్కల మీదే జిగురుగా మిగులుతుంది. కాబట్టి సలాడ్ కోసం బ్రాంజ్ కట్ కొనడం డబ్బు దండగని మా తీర్పు. బారిల్లా బ్రాండు మామూలు ఫుసిల్లి (మెలికలు తిరిగిన రకం) లాంటి నున్నటి డ్యూరం పాస్తా సరిపోతుంది. డ్యూరం, ప్రొటీన్ అంకె రెండూ సరిగా ఉన్న దేశీయ పాకెట్ దొరికితే అదైనా ఫర్వాలేదు, తక్కువలో అయిపోతుంది.

ఆకారాల్లో మొదటి స్థానం ఫుసిల్లిదే. మెలికల మధ్య మొక్కజొన్న గింజ, ఉల్లి తరుగు, మిరియాల పొడి చిక్కుకుంటాయి. చెంచాతో తీసినప్పుడు కూరగాయలు అడుగున ఉండిపోకుండా పాస్తాతోపాటే నోటికొస్తాయి. పెన్నె మధ్యస్థం. గొట్టం లోపల నీళ్లు నిలుస్తాయి కాబట్టి వడకట్టాక జల్లెడని గట్టిగా కుదపాలి. సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఫార్ఫల్లె ఫొటోల్లో అందంగా ఉంటుంది కానీ మధ్యలో నొక్కిన మడత ఉడికేసరికి రెక్కలు మెత్తబడతాయి. సలాడ్‌లో ఈ ఎగుడుదిగుడు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చిన్న మాకరోని మయోనైజ్ వేసే అమెరికన్ పద్ధతికి సరిపోతుంది, నిమ్మ–నూనె పద్ధతికి కాదు. స్పగెట్టి లాంటి పొడుగు రకాలు చల్లారితే ఉండచుట్టుకుంటాయి, వాటి జోలికి పోవద్దు. ఆకుపచ్చ, ఎరుపు కలిపిన మూడు రంగుల పాస్తా చూపుకి బాగుంటుంది, అందులో వేసిన పాలకూర, టమాటా పొడుల వల్ల రుచికి ఒరిగేది నామమాత్రం.

హోల్ వీట్ పాస్తాలో తవుడు ముక్కలు ఆ ప్రొటీన్ వలని తెంపుతాయి. తినేటప్పుడు ఇసుకలా తగులుతుంది, కాస్త వగరు కూడా. వెల్లుల్లి, కాల్చిన వంకాయ లాంటి ఘాటు రుచులతో అయితే నెట్టుకురావచ్చు. బియ్యం, మొక్కజొన్నలతో చేసిన గ్లూటెన్ లేని పాస్తా మాత్రం ఫ్రిజ్‌లో పెట్టగానే గట్టిపడి, కలిపితే విరిగిపోతుంది. గ్లూటెన్ పడనివాళ్లు దాన్ని చేసిన గంటలోపే, గది వేడిమి మీదే తినేయాలి.

ఇప్పుడు ఉడికించడం. 250 గ్రాముల పాస్తాకి మూడు లీటర్ల నీళ్లు, 30 గ్రాముల ఉప్పు, అంటే మెత్తటి ఉప్పు రెండు టేబుల్ స్పూన్లకి కొంచెం తక్కువ. చల్లటి తిండిలో ఉప్పు నాలుకకి తక్కువగా తెలుస్తుంది, ఇక్కడ పిసినారితనం చేస్తే తర్వాత పైన ఎంత చల్లినా పాస్తా లోపల చప్పగానే ఉంటుంది. నీళ్లలో నూనె వేయొద్దు, ప్రయోజనం లేదు. కుక్కర్ విజిల్ పద్ధతి కూడా సలాడ్‌కి పనికిరాదు, ఎంత ఉడికిందో తీసి కొరికి చూసే వీలుండదు, పిండంతా లోపలే ఉండిపోతుంది.

పాకెట్ మీది సమయం వేడిగా తినే పాస్తాకి లెక్కగట్టింది. పలుకుగా దించిన పాస్తా ఫ్రిజ్‌లోకి వెళ్లాక లోపలి పిండి మళ్లీ గట్టిపడి రబ్బరులా సాగుతుంది, రాత్రి అన్నం పొద్దునకి బిరుసెక్కినట్టే. అందుకని చేసిన వెంటనే తినేట్టయితే పాకెట్ చెప్పినంతసేపు, ఫ్రిజ్‌లో పెట్టేట్టయితే ఇంకో రెండు నిమిషాలు అదనంగా ఉడికించాలి. కొరికితే మధ్యలో తెల్లటి చుక్క కనిపించకూడదు. మైదా కలిసిన పాకెట్ ఈ రెండు నిమిషాలకి తట్టుకోలేదు, అసలు పరీక్ష అక్కడే.

చల్లార్చడంలో మన వేసవి ఒక చిక్కు తెస్తుంది. చల్లటి కుళాయి నీళ్ల కింద కడగమని విదేశీ వంటకాలన్నీ చెబుతాయి. మే నెలలో మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు స్నానానికే వేడిగా ఉంటాయి, వాటితో కడిగితే పాస్తా త్వరగా చల్లారదు. ఒక గిన్నెలో లీటరు తాగునీళ్లు, ఒక ట్రే ఐసు ముక్కలు ముందే సిద్ధంగా పెట్టుకుని, వడకట్టిన పాస్తాని అందులో అర నిమిషం ముంచి తీయండి. అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే ఉప్పు కారిపోతుంది. తర్వాత జల్లెడలో బాగా కుదిపి, పళ్లెంలో పరిచి ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. అంటుకోకుండా ఉత్త నూనె పట్టించే అలవాటు మానుకోండి. ముందే నూనె పూస్తే తర్వాత వేసే పులుపు లోపలికి ఇంకదు. దానికి బదులు నూనె, నిమ్మరసం కలిపిన డ్రెస్సింగ్‌ని ముందే తయారుచేసుకుని, అందులో మూడో వంతు వేసి కలపండి.

డ్రెస్సింగ్ కొలత: నూనె 75 మిల్లీలీటర్లు, నిమ్మరసం 35, దంచిన వెల్లుల్లి రెబ్బ ఒకటి, అర టీస్పూన్ మిరియాల పొడి, పావు టీస్పూన్ ఆవపిండి, ఉప్పు. మూత బిగించిన సీసాలో వేసి కుదిపితే చాలు. నూనె, రసం విడిపోకుండా ఆవపిండి కాసేపు పట్టి ఉంచుతుంది. ఎక్కువైతే మాత్రం చేదు. ఆకుకూర సలాడ్లకి నూనె మూడు, పులుపు ఒకటి అంటారు. పాస్తా పులుపుని పీల్చేస్తుంది కాబట్టి ఇక్కడ రెండుకి ఒకటి దగ్గరలో ఉండాలి. పూర్తిగా ఆలివ్ నూనె వాడితే ఫ్రిజ్‌లో గడ్డకట్టి ముక్కల మీద తెల్లటి పూతలా కనిపిస్తుంది. సగం పొద్దుతిరుగుడు నూనె కలిపితే ఆ బాధ తగ్గుతుంది. సింథటిక్ వెనిగర్ పులుపు మరీ గరుకు, అది పచ్చళ్ల సీసాలకే ఉంచండి. ఎండాకాలంలో నిమ్మకాయ ధర చుక్కలనంటి, పిండితే రసం రాకపోతే పచ్చిమామిడి ఉండనే ఉంది. పుల్లటి కాయ కోరు 60 గ్రాములు వేసి నిమ్మరసాన్ని సగానికి తగ్గించండి. మా ఓటు నిజానికి దీనికే.

కూరగాయలు మొత్తం అర కిలో, అంటే ఎండు పాస్తాకి రెట్టింపు బరువు. అంతకన్నా తక్కువైతే అది సలాడ్ కాదు, చల్లారిన పాస్తా. టమాటా 200 గ్రాములు గట్టివి, గుజ్జు తక్కువగా ఉండే కోలకాయలు తీసుకుని ముక్కలు కోసి, అర టీస్పూన్ ఉప్పు కలిపి పావుగంట జల్లెడలో ఉంచాలి. కింద దిగిన రసాన్ని పారేయకుండా ఒక చెంచాడు డ్రెస్సింగ్‌లో కలపండి. ఈ పని ఎగ్గొడితే ఆ నీరంతా గంటలో గిన్నె అడుగుకి చేరుతుంది. సలాడ్ నీళ్లోడిందని పాస్తాని తిట్టేవాళ్లలో చాలామంది తప్పు టమాటా దగ్గరే జరిగి ఉంటుంది.

కీరా అయితే గింజల భాగం చెంచాతో గీకేయాలి. దానికన్నా పసుపుపచ్చ దోసకాయ మేలు. గింజ తీసి, చెక్కు తీసి, చిన్న ముక్కలుగా కోస్తే మర్నాటికి కూడా కరకరలాడుతుంది, సహజంగానే కొంచెం పులుపు. కోసేముందు రెండు కొసల నుంచీ ముక్క కొరికి చూడడం మర్చిపోకండి, ఒక్క చేదు కాయ గిన్నె మొత్తాన్ని పాడుచేస్తుంది. ఇటాలియన్ వంటకాల్లో కనిపించే జుకినీ మన దగ్గర దొరికినా ఖరీదే. లేత బీరకాయ దాని పని చేస్తుంది, కానీ పచ్చిగా కాదు. ఈనెలు చెక్కి, అర్ధచంద్రాకారంలో కోసి, బాగా కాగిన పెనం మీద చెంచాడు నూనెతో ఒక్క నిమిషం తిప్పి దించేయాలి. పెనం మీద ఉప్పు వేశారో, నీరొదిలి కూరైపోతుంది. స్వీట్ కార్న్ మూడు నిమిషాలు ఉడికితే చాలు. క్యాప్సికం పచ్చిదే. ఉల్లిపాయ సన్నగా తరిగి పది నిమిషాలు ఐసు నీళ్లలో ఉంచితే ఘాటు దిగుతుంది. బీన్స్ లాంటి ఆకుపచ్చవి వేస్తే పులుపు తగిలిన కొద్దిసేపటికే రంగు మారి ఆలివ్ ఛాయకి వస్తాయి. వాటిని తినే ముందే కలపాలి.

తులసిని ఇటాలియన్ వంటల్లో వాడే బేసిల్ ఆకు అనుకుని వేసేవాళ్లున్నారు. తులసిలో లవంగం లాంటి ఘాటు ఉంటుంది, రెండాకులకే గిన్నంతా మందు వాసన వస్తుంది. సబ్జా గింజలిచ్చే మొక్క అసలైన బేసిల్ జాతి, దాని లేత ఆకులు వాడుకోవచ్చు. లేదంటే పుదీనా పది ఆకులు, చేత్తో చింపి, చివర్లో.

అన్నీ కలిపాక మిగిలిన డ్రెస్సింగ్‌లో సగం వేసి, మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. ఆఖరి సగం వడ్డించే ముందు. ఫ్రిజ్‌లోంచి తీసి ఇరవై నిమిషాలు బయట ఉంచితే నూనె కరిగి వాసన తెలుస్తుంది. అంతకన్నా బయట పెట్టి వదిలేయొద్దు. వండిన పాస్తా కూడా అన్నం లాంటిదే, వేడి వాతావరణంలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. వేడిమి 32 డిగ్రీలు దాటితే వండిన పదార్థం గంటకి మించి బయట ఉండకూడదని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. మన ఎండల్లో ఆఫీసుకి టిఫిన్ బాక్సులో తీసుకెళ్లాలంటే ఐస్ ప్యాక్ ఉన్న సంచీ కావాలి. అమెరికాలో పాట్‌లక్కులకి, అంటే తలా ఒక వంటకం తెచ్చే విందులకి, పట్టుకెళ్లే మనవాళ్లకీ జూలై ఎండలో పార్కు బల్ల మీద ఇదే లెక్క.

ఫ్రిజ్‌లో మూతపెట్టిన డబ్బాలో మూడు రోజులు ఉంటుంది, టమాటా ఎక్కువ వేస్తే రెండే. మర్నాడు పొడిబారి గట్టిగా అనిపిస్తే ఇంకా నూనె పోయొద్దు. రెండు చెంచాల వేడినీళ్లు, కాస్త నిమ్మరసం చిలకరించి కలిపి ఐదు నిమిషాలాగితే పాస్తా మళ్లీ మెత్తబడుతుంది. డ్యూరం పాకెట్ అయితేనే సుమా, సూజీ–మైదా పాస్తా ఆ నీళ్లకి విరిగి పిండైపోతుంది.