తారు పొగ తగ్గాలంటే: వార్మ్ మిక్సా, పొగ పట్టే యంత్రమా?

రేణిగుంట వైపు హాట్ మిక్స్ ప్లాంటు (రోడ్డుకి వేసే తారు, కంకర వేడిచేసి కలిపేది) నడిపేవాళ్లకి ఈ రెండిట్లో ఏది మేలు? వార్మ్ మిక్స్ అంటే తారులో ఒక రసాయనం వేసి, తక్కువ వేడిలోనే కంకరతో కలపడం. యంత్రమంటే ప్లాంటు దగ్గర లేచే పొగని ఫిల్టర్లతో పట్టేది.

ఖర్చు: వార్మ్ మిక్స్‌కి రసాయనం కొంటూ ఉండాలి, కానీ వేడి 20–40 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి ఇంధనం కలిసొస్తుంది. యంత్రానికైతే ముందే పెద్ద పెట్టుబడి.

శ్రమ: రసాయనం తారులో కలిపితే చాలు. యంత్రం ఫిల్టర్లు జిగురు పట్టి మూసుకుపోతాయి.

రిస్క్: తక్కువ వేడికి తడి కంకర సరిగా ఆరదు, ఆరకపోతే తారు ఊడొస్తుంది, మనకి నవంబరు వానల్లో ఇదే టెన్షన్, కంకర కుప్పల మీద రేకుల షెడ్డు వేయాల్సిందే.

పొగ: యంత్రం ప్లాంటు దగ్గరి పొగనే పడుతుంది, రోడ్డు మీద పేవర్ (తారు–కంకర పరిచే బండి) వెనక ఎండలో నిలబడే కూలీలు పీల్చేది మాత్రం అలాగే ఉంటుంది, నాకైతే అన్నిటికన్నా ఇదే ముఖ్యం. వార్మ్ మిక్స్‌లో పొగ పుట్టడమే తక్కువ.

ఊరికి ఆనుకున్న ప్లాంటై, రోడ్డు పని చూసే ఇంజనీరు వార్మ్ మిక్స్‌కి ఒప్పుకోకపోతే యంత్రం పెట్టండి. ఒప్పుకుని, షెడ్డు కూడా ఉంటే వార్మ్ మిక్సే.