శిష్యుడి శిష్యురాలు వాయించిన ఇజాయి

హిలరీ హాన్ వాయించిన ఇజాయి వయొలిన్ సొనాటాల (వాద్యం కోసమే రాసే రచనల) డిస్కు కొత్తగా వచ్చిన సాయంత్రం నా దగ్గరకు పాఠానికి వచ్చిన పదకొండేళ్ల అమ్మాయి "టీచర్, డిస్కు ఆగిపోయింది" అంది. ఆగలేదు. రెండో సొనాటా ఎత్తుగడే అలా ఉంటుంది. జర్మన్ స్వరకర్త బాఖ్ ఒంటరి వయొలిన్ కోసం రాసిన ఇ మేజర్ పార్టిటా అనే రచనలోంచి ఒక చిన్న ముక్క చకచకా వినిపించి ఠక్కున ఆగుతుంది. ఒక్క క్షణం ఏమీ వినపడదు. తరువాత అదే వయొలిన్ కోపంతో విరుచుకుపడుతుంది. మళ్లీ బాఖ్, మళ్లీ కోపం. ఈ భాగానికి పెట్టిన పేరు 'అబ్సెషన్', అంటే మనసును పట్టుకుని వదలని ధ్యాస. చిన్నప్పటి నుంచి సాధన చేసిన పాఠం పెద్దయ్యాక కూడా వెంటాడితే ఎలా ఉంటుందో వయొలిన్ నేర్చుకున్న ప్రతివారికీ తెలుసు.

బెల్జియం స్వరకర్త యూజీన్ ఇజాయి ఒంటరి వయొలిన్ కోసం రాసిన ఆరు సొనాటాలను అమెరికన్ వయొలినిస్టు హిలరీ హాన్ వాయించగా, డాయిచ గ్రామోఫోన్ సంస్థ 2023 జులైలో విడుదల చేసింది. ఆ సొనాటాలు పుట్టి అప్పటికి సరిగ్గా వందేళ్లు. మొత్తం పదిహేను భాగాలు, గంటకు పైగా సంగీతం. పియానో లేదు, ఇంకే పక్కవాద్యమూ లేదు. మొదట ఫోనులో ఉచితంగానే విన్నాను. రెండో సొనాటాలో ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఏదో సబ్బు ప్రకటన వచ్చింది. ఆ రోజే డిస్కు తెప్పించుకున్నాను. పెట్టె మూత పగిలి వచ్చింది కానీ డిస్కుకు గీత పడలేదు.

నేను విజయనగరంలో కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. మా గురువుగారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి శిష్యపరంపరలోని వారు. నాయుడు గారు పాశ్చాత్యుల కమాను పద్ధతులను ఎంత శ్రద్ధగా గమనించేవారో ఆయన పదేపదే చెప్పేవారు. అందువల్ల ఎవరి వాయిద్యం విన్నా ముందు నా చెవి కమాను మీదకే పోతుంది. రెండో ప్రశ్న, ఇది ఎవరి పాఠం అని.

ఈ డిస్కు విషయంలో ఆ ప్రశ్నకు చక్కని జవాబు ఉంది. హిలరీ హాన్ పదేళ్ల వయసు నుంచి పదిహేడేళ్ల వరకు ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాలయంలో యాషా బ్రాడ్‌స్కీ దగ్గర చదువుకున్నారు. బ్రాడ్‌స్కీ గారు యువకుడిగా ఉన్నప్పుడు ఇజాయి దగ్గరే నేర్చుకున్నవారు. అంటే మనం వింటున్నది ఇజాయి ప్రశిష్యురాలిని. ఇజాయి తన వాయిద్యాన్ని 1912 ప్రాంతంలో అమెరికాలో రికార్డు చేశారు. ఈ సొనాటాలు రాసింది 1923లో. వాటిని ఆయన చేతి మీదుగా వినే భాగ్యం మనకు లేదు కాబట్టి పరంపరే దిక్కు.

ఇజాయి 1858లో లియేజ్ పట్టణంలో పుట్టారు. మొదటి గురువు తండ్రే. తరువాత ఆనాటి మేటి వయొలినిస్టులు వీన్యావ్‌స్కీ దగ్గర, వ్యూతాఁ దగ్గర నేర్చుకున్నారు. ఆయన వాయిద్యం మీద సాటి స్వరకర్తలకు ఎంత గురి ఉండేదంటే, 1886లో ఆయన పెళ్లికి సీజర్ ఫ్రాంక్ కానుకగా ఇచ్చింది ఒక వయొలిన్ సొనాటా. నేటికీ అది ప్రపంచమంతా వాయిస్తూనే ఉంది. ఫ్రెంచి స్వరకర్త డెబ్యుసీ నాలుగు తంత్రీవాద్యాల కోసం రాసిన స్ట్రింగ్ క్వార్టెట్‌ను 1893లో మొదటిసారి వినిపించింది ఇజాయి బృందమే. అలాంటి మనిషి అరవై అయిదేళ్ల వయసులో, హంగేరీ వయొలినిస్టు జోసెఫ్ సిగెటి వాయించిన బాఖ్ విని, సముద్రతీరంలోని తన ఇంట్లో కూర్చుని ఒక్క రోజులోనే ఆరు సొనాటాలకూ రూపురేఖలు గీసుకున్నారని చెబుతారు.

ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి, ఒక్కో సొనాటాను ఒక్కో వయొలినిస్టుకు అంకితం ఇచ్చి, ఆ మనిషి చేతిని మనసులో పెట్టుకుని రాయడం. మొదటిది సిగెటికి, రెండోది జాక్ తిబోకి, మూడోది ఎనెస్కుకి, నాలుగోది క్రైస్లర్‌కి, అయిదోది తన శిష్యుడు క్రిక్‌బూమ్‌కి, ఆరోది స్పెయిన్‌కు చెందిన కిరోగాకి. అందరూ ఆయన కంటే చిన్నవారే. పెద్ద విద్వాంసుడు చిన్నవాళ్ల చేతుల్ని ఇంత ప్రేమగా గమనించి రాయడం నాకు కళ్లు చెమర్చే విషయం.

హాన్ వాయించిన వాటిలో నేను ఎక్కువసార్లు విన్నది రెండోదే. చనిపోయినవారి కోసం చేసే ప్రార్థనలో పాడే 'దియెస్ ఇరే' అనే మధ్యయుగపు గీతం దాని నాలుగు భాగాల్లోనూ వినిపిస్తుంది. ఒకచోట పరుగు తీసే స్వరాల అడుగున నక్కి ఉంటుంది. మూడో భాగంలో తీగల్ని మీటుతుండగా నడకలా మొదలై ఒక్కో ఆవృత్తికీ చిక్కబడుతుంది. ఆ చిక్కదనం పెరిగే తీరు ఈ డిస్కులో అద్భుతంగా ఉంది. ఎంత జోరులోనూ ఆ పాత గీతం చెవికి తప్పిపోదు. రెండో భాగం 'మలింకోనియా' మాత్రం నాకు పూర్తిగా తృప్తినివ్వలేదు. తీగల్ని మోసే బ్రిడ్జి మీద, నాదాన్ని అణిచే మ్యూట్ పెట్టి గొంతు తగ్గించి వాయించే దుఃఖం అది. హాన్ స్వరం అక్కడ కూడా కడిగిన అద్దంలా ఉంది. కాస్త పొగ కమ్మితే బాగుండేదనిపించింది.

మొదటి సొనాటాలో ఫుగాటో అనే భాగం ఉంది, ఒక గొంతు ఎత్తుకున్న రాగాన్ని మిగతావి ఒకదాని వెనుక ఒకటి అందుకుంటాయి. అది విన్నప్పుడు, వాయించేది ఒక్కరేనని పిల్లలకు నమ్మకం కలిగించడానికి నేనే వయొలిన్ తీసుకుని రెండేసి తీగల మీద కమాను వేసి చూపించాల్సి వచ్చింది. మా పద్ధతిలో ఒకే రాగధార, దాని గమకం ముఖ్యం. ఇక్కడ నాలుగు తీగల మీద మూడు నాలుగు గొంతులు మాట్లాడుకుంటాయి. హాన్ ఏ గొంతునూ ఇంకో దాని కింద నలగనివ్వరు. ఆ శుభ్రత ఇక్కడ ఎంత అవసరమో చెప్పలేను.

అయిదో సొనాటా భాగాల పేర్లు వినగానే పిల్లలకు నచ్చాయి. మొదటి భాగం 'ఉషోదయం', రెండోది 'పల్లె నృత్యం'. ఉదయం నిజంగానే మెల్లగా తెల్లవారుతుంది. ఎడమచేతి వేళ్లతో తీగల్ని మీటే చోట్ల నీటి చుక్కలు రాలినట్టుంటుంది. పల్లె నృత్యం అయిదు లెక్కల్లో నడుస్తుంది. నేనేమీ చెప్పకముందే ఆ పదకొండేళ్ల అమ్మాయి తొడ మీద "తక తకిట" అని వేసుకోవడం మొదలుపెట్టింది. బెల్జియం పల్లెటూరి అడుగు మా ఖండ నడకలో అంత తేలికగా ఒదిగింది. హాన్ ఆ భాగంలో కమానును నేలకు కొట్టినట్టు బరువుగా వేస్తారు. ఈ డిస్కు మొత్తంలో ఆమె నవ్వుతూ వాయించినట్టు నాకనిపించింది అక్కడే.

నాలుగోది బాగుంది, అయితే తీయని వాయిద్యానికి పేరుపొందిన క్రైస్లర్ పేరు చూసి ఆశించిన తీయదనం నాకు అందులో కొంత తక్కువైంది. ఆరోది మధ్యలో హబనేరా అనే క్యూబా నృత్యపు లయతో ఊగుతూ, ఎప్పుడు ముగుస్తుందో తెలియనంత ఉత్సాహంగా సాగుతుంది. వరుసగా విన్నవారికి అప్పటికే చెవులు అలిసి ఉంటాయి. దాన్ని విడిగా వినండి.

ఈ సంగీతం పూర్తిగా కొత్త అయినవారు మూడో సొనాటాతో మొదలుపెట్టాలి. ఒకటే భాగం, ఏడు నిమిషాల పైచిలుకు. 'బలాడ్' అనే పేరుకు తగ్గట్టు కథ చెబుతున్నట్టు దారి వెతుక్కుంటూ మొదలై చివరకు తుఫానులా ముగుస్తుంది. ఇంట్లో మిక్సీ ఆపి, ఫోను పక్క గదిలో పెట్టి వినండి. ఆరంభంలోని చిన్న స్వరాలు చాలా లోగొంతుకలో ఉంటాయి. బస్సులో ఇయర్‌ఫోన్లతో ప్రయత్నించాను, మొదటి నిమిషం అసలు వినపడలేదు.